రెండు వేళ్ళ ఎడం

చిన్నల్లుణ్ణి చంపింది మీరే. షెడ్డు యజమానీ, నువ్వు. పదకొండు పాతకార్లు పోగేసి ఒక్కదానికీ సొంతంగా చక్రం మార్చడం రాని తాళాలాయనా, నువ్వు. చల్లారిపోయిన బండిలో ఒక్కసారి పెడల్ తొక్కి కాగితం నింపేసిన తనిఖీ అధికారీ, నువ్వైతే చచ్చినవాణ్ణి మళ్ళీ చంపావు. 'బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కాడు' అని రాశావు. పద్దెనిమిదేళ్ళు ఇంజన్ల మధ్య బతికిన మనిషి గురించి ఆ మాట రాయడానికి నీకు చెయ్యెలా ఆడింది?

జరిగింది జరిగినట్టు చెప్పుకుందాం. దాచడానికి ఇందులో ఏముంది, షెడ్డంతా చూసిందే.

ఆ షెడ్డులో ఇద్దరు తోడల్లుళ్ళు పనిచేసేవాళ్ళు. అక్క మొగుడు పెద్దల్లుడు, చెల్లెలి మొగుడు చిన్నల్లుడు. అత్తారింటి పిలుపే షెడ్డులోనూ అంటుకుపోయింది. "షెడ్డుకి అల్లుళ్ళు కదా, మర్యాదలకేం లోటు రానివ్వం, రోజూ కొత్త గ్రీజు గుడ్డలు పెడుతున్నాం" అని టింకరింగ్ మేస్త్రి ఎగతాళి చేసేవాడు. పెద్దల్లుడిది బ్రేకులు, స్టీరింగు, ఛాసిస్ పని. చిన్నల్లుడిది ఇంజన్. ఒకడు ఆపేవాడు, ఇంకొకడు ఉరికించేవాడు.

"నీవల్లే అన్నయ్యా, మన బళ్ళన్నీ నత్తల్లా పాకుతున్నాయి" అనేవాడు చిన్నల్లుడు.

"నీవల్లే తమ్ముడూ, నాకు చేతినిండా పని ఉంటోంది" అనేవాడు పెద్దల్లుడు.

షెడ్డుకో కట్టుబాటుంది. బండి మీద చివరి నట్టు ఎవరు బిగిస్తే తొలి రౌండు వాళ్ళే తోలాలి. ఇప్పటి యజమాని తండ్రి పెట్టిన నియమం. తన ప్రాణం మీదికి వస్తుందంటే ఎవడైనా ఒళ్ళు దగ్గర పెట్టుకుని బిగిస్తాడని ఆయన లెక్క. వినడానికి బాగానే ఉంటుంది. పెద్దల్లుడు ఇరవై రెండేళ్ళు దాన్ని నమ్మాడు, బయటివాళ్ళకి గొప్పగా కూడా చెప్పుకున్నాడు. బండి ఎప్పటికి కావాలో తేల్చి చెప్పేవాడు కూడా ఆ సీట్లో కూర్చోవాలని ఆ నియమంలో ఎక్కడా లేదు. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారీ ఆ ఆలోచన పెద్దల్లుడికి రాలేదు.

తాళాలాయన కారు ఏడు నెలల కిందట ఒక లారీ వెనకాల ఎక్కి వచ్చింది. ఆయన అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు, నడుముకి వేలాడే తాళాలగుత్తి చాలు ఆయన్ని గుర్తుపట్టడానికి. కారు యాభై ఏళ్ళనాటిది. గుండ్రటి దీపాలు, గూనిలా ఉబ్బిన వీపు, రెండే తలుపులు. అడుగురేకు తుప్పు తిని జల్లెడైపోయింది. లోపల కూర్చుంటే కాళ్ళకింద నేల కనపడేది. టింకరింగ్ మేస్త్రి ఆ రేకంతా కోసి కొత్తది అతికాడు. రంగులాయన పూత మీద పూత వేసి, అరగదీసి, మళ్ళీ వేశాడు. కుట్టక్క, అంటే సీట్లు కుట్టే ఆవిడ, పాత దారం రంగు కోసం ఊరంతా తిరిగి చివరికి ఒక చెప్పుల కొట్టులో పట్టుకుంది.

అంతవరకు అందరికీ సరదాగానే ఉంది. చచ్చిన బండిని లేపడం కంటే మంచి పని షెడ్డులో ఇంకోటి లేదు.

తర్వాత తాళాలాయనకి ఇంకో కోరిక పుట్టింది. బండి చూడ్డానికి ముసల్దిలా ఉండాలి, తొక్కితే మాత్రం పక్కనున్న కుర్రబళ్ళు బిత్తరపోవాలి. లోపలున్నది నలభై గుర్రాల ఇంజన్. దాన్ని పీకేసి, మూలపడిన ఒక పెద్ద వ్యాన్‌లోంచి నూట యాభై గుర్రాల ఆరు సిలిండర్ల ఇంజన్ తెప్పించారు. బరువు దగ్గర దగ్గర రెండింతలు.

చిన్నల్లుడు దాన్ని చూసి ఆ పూట అన్నం మర్చిపోయాడు. ఇరుకు బానెట్ కింద ఆ పెద్ద ఇంజన్ పట్టించడానికి, అది కూర్చునే మౌంట్లు మూడుసార్లు కోసి మూడుసార్లు అతికించాడు. తొలిసారి అంటుకున్న రోజున షెడ్డులో రేకులు అదిరాయి. రంగులాయన బ్రష్షు పట్టుకునే బయటికి పరిగెత్తాడు. చిన్నల్లుడు మాత్రం జ్వరం చూసినట్టు బానెట్ మీద అరచెయ్యి ఆనించి నవ్వుతూ నిలబడ్డాడు.

"ఏమంటోంది?" అని అడిగాడు పెద్దల్లుడు.

"ఆకలేస్తోందంట. రోడ్డు పెట్టమంటోంది."

"ముందు నన్ను అడగమను."

పెద్దల్లుడు బండి కిందకి దూరాడు, మొహం మాడ్చుకుని బయటికొచ్చాడు. ఇంజన్ పెద్దదవడంతో దాని సైలెన్సర్ గొట్టం పక్కకి జరిగి బ్రేకు పైపుని ఆనుకునేంత దగ్గరికి వచ్చింది. మధ్యలో ఎడం రెండు వేళ్ళు. ఆ కాలం బండి కాబట్టి నాలుగు చక్రాలకీ కలిపి ఒకటే బ్రేకు పైపు. అది పోతే నాలుగూ పోతాయి.

ఆయన మాటలతో ఊరుకోలేదు. బానెట్ మూసి ఇరవై నిమిషాలు ఇంజన్ తిప్పాడు. తర్వాత తెరిచి, వేలు తడుపుకుని ఆ పైపు మీద ఒక చుక్క విదిలించాడు. చుయ్యిమంది. లోపల కూర్చుని పెడల్ తొక్కితే సగం దాకా దిగబడిపోయింది. అప్పటికే పని ఆపి అందరూ చుట్టూ మూగి ఉన్నారు. టింకరింగ్ మేస్త్రి, రంగులాయన, కుట్టక్క, చిన్నల్లుడు, యజమాని, బండి చూసుకోవడానికొచ్చిన తాళాలాయన. అందరూ విన్నారు ఆ చుయ్యిమనడం.

"నీళ్ళు చుయ్యిమంటే ఏమైందిప్పుడు, అదేమన్నా పెనమా" అన్నాడు యజమాని.

"లోపల ఆయిల్ మరుగుతోందండీ. మరిగితే ఆవిరి పుడుతుంది. ఆయిల్‌ని నొక్కితే ఆ నొక్కుడు చక్రం దాకా పోతుంది. ఆవిరిని నొక్కితే ఆవిరే నలిగి ఊరుకుంటుంది, చక్రానికి కబురే అందదు."

"మళ్ళీ తొక్కు."

మళ్ళీ తొక్కాడు. రెండోసారికి కొంచెం పైకొచ్చింది. మూడోసారికి గట్టిపడింది.

"వచ్చిందిగా మరి. రెండుసార్లు ఎక్కువ తొక్కితే అరిగిపోతావా?"

"నాలుగు రోజులివ్వండి. పైపుని అవతలి పక్కనించి తిప్పి తెస్తాను. మధ్యలో వేడి ఆపే రేకు కడతాను. ఈ డ్రమ్ము బ్రేకులు కూడా ఆ ఇంజన్‌కి చాలవు, అవి మార్చాలి. సీటు బెల్టులు పెట్టాలి."

ఆదివారం పాత కార్ల ఊరేగింపు. తాళాలాయన కారు ముందు వరసలో ఉండాలి. బెల్టుల మాట ఎత్తగానే ఆయన మొహం చిట్లించి, పాత బండికి బెల్టులేంటయ్యా, అందం చెడిపోతుంది అన్నాడు. నాలుగు రోజుల మాటకైతే జవాబే ఇవ్వలేదు. యజమాని వైపు చూశాడంతే. డబ్బున్నవాళ్ళు జవాబు చెప్పరు, చూస్తారు. చెప్పాల్సింది వాళ్ళ తరఫున ఇంకొకడు చెబుతాడు.

"గురువారం బండి బయటికెళ్ళాలి" అన్నాడు యజమాని.

గురువారం పొద్దునకి బ్రేకు పైపు ఊడదీసి ఉంది. తిప్పి బిగిద్దామని పెద్దల్లుడే ముందురోజు ఊడదీశాడు. యజమాని వచ్చి, ఎక్కడిది అక్కడే బిగించమన్నాడు. పెద్దల్లుడు స్పానర్ బల్ల మీద పెట్టేశాడు.

"నేను బిగించను. అది మనిషిని మింగే పైపు."

"బిగించకపోతే రేపట్నించి రావక్కర్లేదు."

పెద్దల్లుడు టూల్ పెట్టె మీద కూలబడి చేతులు కట్టుకున్నాడు. ఇరవై రెండేళ్ళలో ఆయన కాదన్నది అదే మొదటిసారి. ఛాతీ నిండా ఏదో పొంగింది. తను కాదంటే ఆ బండి కదలదనుకున్నాడు. ఆ షెడ్డులో బ్రేకులు తెలిసిన చెయ్యి తనదొక్కటే అనుకున్నాడు. నిజాయితీగల మనుషులు చేసే పొరపాటు ఇది. తను తప్పుకుంటే పాపం ఆగిపోతుందనుకుంటారు. అది ఆగదు. పక్కవాడి చేతికి వెళ్తుంది.

చిన్నల్లుడు వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"అన్నయ్యా, పంతాలకి పోకు. నీ ఉద్యోగం పోతే వదిన నన్ను గుమ్మం తొక్కనిస్తుందా?"

"నువ్వు ముట్టుకోకు."

"నేను మెల్లిగా తోల్తాలే. వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చేస్తా. అంతలోపు అది వేడి కూడా ఎక్కదు. ఆదివారం వాళ్ళ ముచ్చట తీరిపోతే సోమవారం మనం తాపీగా పైపు మార్చుకోవచ్చు."

"పట్టుకుపో. నాకు సంబంధం లేదు" అన్నాడు పెద్దల్లుడు.

చిన్నల్లుడు స్పానర్ తీసుకున్నాడు. పైపు బిగించాడు. కొత్త ఆయిల్ పోశాడు. టింకరింగ్ మేస్త్రి సీట్లో కూర్చుని పెడల్ తొక్కుతుంటే కింద పడుకుని పైపులో చేరిన గాలి తీశాడు. పెడల్ రాయిలా నిలబడింది. చల్లటి బండిలో ఏ పెడలైనా నిలబడుతుంది. చివరి నట్టు చిన్నల్లుడిది, కాబట్టి తొలి రౌండూ చిన్నల్లుడిదే.

గేటు దగ్గర యజమాని కిటికీలోంచి తల దూర్చాడు. "వీధి చివరిదాకా ఎందుకు, ఎటూ తీశావుగా. తిన్నగా ఆయన ఇంటికి పట్టుకుపోయి చూపించు" అన్నాడు. తాళాలాయన ఇల్లు గుట్ట అవతల. ఎక్కడానికి పదిహేను నిమిషాలు, తర్వాత దిగుడు.

ఆ మాట పెద్దల్లుడికి వినపడింది. టూల్ పెట్టె నుంచి గేటుకి ముప్పై అడుగులుండవు. లేచి అడ్డంగా నిలబడొచ్చు. లేవలేదు. సంబంధం లేదని అప్పుడేగా అన్నాడు, అన్న నోటితో ఎలా లేస్తాడు. చిన్నల్లుడు వెళ్తూ వెళ్తూ ఇటు తిరిగి కనుబొమలు ఎగరేశాడు. పెద్దల్లుడు మొహం తిప్పుకున్నాడు.

దిగుడు చివర నాలుగురోడ్ల కూడలి ఉంది. ఆ పక్కనున్న గోదాము ముందు బస్తాలు దింపుతున్నవాళ్ళు చూశారు. బండి దిగుతుంటే లోపలి మనిషి కాలితో దబదబా తొక్కుతున్నాడట, ఒళ్ళంతా ఎగిరి ఎగిరి పడుతోందట. కూడలి నిండా జనం. అతను స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పి బండిని గోదాము గోడకి పెట్టాడు. బండికి ఎడమ దీపం, ఒక మడ్డుగార్డు, రేడియేటర్ పోయాయి, అంతే. బెల్టు లేని మనిషి పోయి స్టీరింగ్ కడ్డీ మీద పడ్డాడు. పాతకాలపు కడ్డీ, వంగదు.

శుక్రవారం తనిఖీ అధికారి వచ్చాడు. షెడ్డుకి లాక్కొచ్చిన బండి అప్పటికి ఒక రాత్రంతా చల్లారింది. లోపల కూర్చుని పెడల్ ఒకసారి తొక్కాడు. రాయిలా ఉంది.

"బ్రేకులు బాగానే ఉన్నాయే" అన్నాడు.

"ఇంజన్ వేడెక్కించి చూడండి సార్" అన్నాడు పెద్దల్లుడు.

"రేడియేటర్ పగిలిన బండిని ఎలా వేడెక్కించమంటావు?" అని నవ్వాడు అధికారి. "పైపు బిగించిందెవరు?"

"చిన్న... పోయినతను."

"నువ్వు బిగించలేదా?"

"నేను బిగించనన్నాను సార్. అందుకే..."

"అంటే నువ్వు ముట్టుకోనే లేదు. ముట్టుకోని పని గురించి నువ్వు చెప్పేదేంటి? బిగించింది అతనే, తోలింది అతనే. నీకు సంబంధం లేదు కదా."

అధికారి కాగితం నింపేసి వెళ్ళిపోయాడు.

శనివారం మరదలి దగ్గరికి వెళ్ళాడు. ముందు గదిలో ఆమె ఒక్కతే చాప మీద కూర్చుని ఉంది. తనిఖీ కాగితం నకలు ఒళ్ళో ఉంది. లోపలి గదిలోంచి పెద్దల్లుడి భార్య గొంతు వినపడుతోంది, ఎవరికో ఫోన్‌లో వద్దు, ఇవాళ రావద్దు, దాన్ని కాస్త ఒంటరిగా ఉండనివ్వండి అంటోంది.

"బావా, ఒక్కటే చెప్పు నాకు. ఆయనకి బండి తోలడం రాదా?"

"వచ్చమ్మా."

"ఏ కాలు దేని మీదుందో తెలీనివాడా?"

"కాదు."

"మరి ఇదేంటి ఇలా రాశారు? నాకు ఇంకేమీ వద్దు బావా. వాళ్ళిచ్చే డబ్బు వాళ్ళ దగ్గరే ఉంచుకోమను. ఈ ఒక్క ముక్క కొట్టేయించు. నా మొగుడు పనిమంతుడు బావా. చేతగాక చచ్చాడని రాస్తే ఎలా? ఇల్లంతా మసి మరకలు చేసేవాడు, ఎన్ని తిట్టేదాన్నో. పని రానివాడు మాత్రం కాదు కదా."

"కొట్టేయిస్తాను" అన్నాడు పెద్దల్లుడు. అనగానే తన మాట తనకే ఖాళీ డబ్బాలా మోగింది.

సోమవారం ఎనిమిదింటికి షెడ్డు తెరిచారు. యజమాని పెద్దల్లుణ్ణి పేరుపెట్టి పిలిచి భుజం మీద చెయ్యి వేశాడు. బల్ల మీద కొత్త బ్రేకు పైపుంది. వేడి ఆపే రేకుంది. ముందు చక్రాలకి డిస్కు బ్రేకులున్నాయి, పెట్టెలు కూడా విప్పలేదు.

"నువ్వడిగినట్టే అన్నీ తెప్పించాను. నాలుగు కాదు, పది రోజులు తీసుకో. నీ మాట వినలేదని అనుకోకు."

పక్కన తాళాలాయన కూడా తల ఊపాడు. "ఈసారి బెల్టులు కూడా పెట్టేయండి. సీటు రంగుకి కలిసేవి దొరుకుతాయేమో చూడండి" అన్నాడు. అంటున్నంత సేపూ ఆయన కళ్ళు నలిగిన మడ్డుగార్డు మీదే ఉన్నాయి.

పెద్దల్లుడు వంగి బండి కింద చూశాడు. పాత పైపు అక్కడే ఉంది. గొట్టం పక్కన జానెడు మేర కమిలి నీలంగా తిరిగిపోయింది. రెండు వేళ్ళు మధ్యలో పెట్టి చూశాడు. సరిగ్గా పట్టాయి. చిన్నల్లుడి తరఫున మాట్లాడేది లోకంలో ఆ జానెడు ముక్క, ఆ రెండు వేళ్ళ ఎడం, అంతే మిగిలాయి. తను పని మొదలుపెడితే మధ్యాహ్నానికి అవి ఉండవు. మంచి బ్రేకులున్న మంచి బండి ఉంటుంది. అందులో ఏ అధికారి వచ్చి ఎన్నిసార్లు తొక్కినా పెడల్ నిలబడుతుంది. ఇంత మంచి బండిని గోడకి కొట్టాడంటే వాడెంత చేతగానివాడో అంటారు.

ఏ పని చేయనివ్వమని ఆ రోజు పోట్లాడాడో ఇవాళ అదే పని చేతిలో పెట్టారు.

ఆయన మెల్లిగా లేచి మిగతావాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. ముందు టింకరింగ్ మేస్త్రి.

"చుయ్యిమనడం నువ్వు విన్నావుగా. పెడల్ దిగిపోవడం చూశావుగా. నాతో వచ్చి ఆ ముక్క చెప్పు."

"నేనప్పుడు వెనక డోరు దగ్గరున్నా పెద్దల్లుడూ."

"గాలి తీసేటప్పుడు పెడల్ తొక్కింది నీ కాలే కదయ్యా."

"అందుకేగా" అన్నాడు టింకరింగ్ మేస్త్రి, నేల చూపులు చూస్తూ. "ఆ కాలు కూడా కాగితంలోకి ఎక్కుతుంది."

రంగులాయన తనకి చూపు సరిగా ఆనడం లేదన్నాడు. పది గజాల దూరం నుంచి రెండు తెలుపుల మధ్య తేడా పట్టే కన్ను అది.

కుట్టక్క మిషను ఆపింది. "నేను చూశాను అన్నా. విన్నాను కూడా. చెప్పిన పూటే నా మిషను రోడ్డు మీద పడుతుంది. నేనొక్కదాన్ని చెప్తే ఎవడు వింటాడు, సీట్లు కుట్టేదానికి బ్రేకుల సంగతేం తెలుసంటారు." ఆమె మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది. దారం తెగింది. ఎక్కించుకోకుండా అలాగే ఖాళీ సూదితో కుట్టుకుంటూ పోయింది.

పెద్దల్లుడు తిరిగి వచ్చి బానెట్‌కి వీపు ఆనించి నిలబడ్డాడు.

"మొదలుపెట్టు మరి" అన్నాడు యజమాని.

"పెట్టను. దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ఇలాగే ఉంచండి."

యజమాని కోప్పడలేదు. కోప్పడితే కాస్త బావుండేది. ఆయన నిట్టూర్చి, బల్ల మీద స్పానర్ తీసుకుని, అటూ ఇటూ చూసి, టింకరింగ్ మేస్త్రి వైపు చెయ్యి చాచాడు. "నువ్వు రావయ్యా. పైపు ఊడదీయడానికి పెద్ద విద్యేం కావాలి" అన్నాడు. టింకరింగ్ మేస్త్రి చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. ఒకసారి తుడుచుకుని, మళ్ళీ తుడుచుకున్నాడు. ఒక అడుగు ముందుకి వేశాడు. పెద్దల్లుడికి అర్థమైంది, తను ఎంతసేపు నిలబడినా ఒక్క మనిషి వెడల్పే నిలబడగలడు. బండికి నాలుగు పక్కలున్నాయి.

టింకరింగ్ మేస్త్రీ, అక్కడే ఆగు. ఆ స్పానర్ తీసుకోవద్దు. రంగులాయనా, నువ్వూ తీసుకోవద్దు. ఎదురు షెడ్డు మేస్త్రులారా, ఇక్కడ ఎవరూ తీసుకోకపోతే అది మీ దగ్గరికే వస్తుంది, మీరూ తీసుకోవద్దు. ఒక్కడు కాదంటే ఏమవుతుందో చూశారు, ఇంకోడు చచ్చాడు. అందరూ ఒకేసారి కాదనండి. కుట్టక్కా, మిషను ఆపి లే. పెద్దల్లుడితో కలిసి నలుగురూ ఇవాళే, ఇప్పుడే, ఆ అధికారి ముందుకి వెళ్ళండి. తనిఖీ మళ్ళీ చేయమనండి. బండికి రేడియేటర్ ఒక్కటే మార్చాలి, ఇంకే నట్టూ కదపకూడదు. బానెట్ మూయాలి. ఇరవై నిమిషాలు ఇంజన్ తిరగాలి. అప్పుడు ఆ అధికారిని సీట్లో కూర్చోబెట్టండి, తన కాలితోనే తొక్కమనండి. పెడల్ ఎక్కడిదాకా దిగిందో మీరు చుట్టూ నిలబడి చూస్తుండగా, ఆ పాత ముక్క కొట్టేసి, కొత్తగా రాయమనండి. రాసేదాకా అక్కణ్ణించి కదలకండి.